ఔనును మరిచే కిటికీ

పొద్దున్న ఏడు కొట్టేసరికి వరహాలు మేళంగది గుమ్మం బయట చెప్పులు విడిచి, ఫోను గుమ్మంలోని పెట్టెలో వేసి, లోపలికొచ్చి ముందుగా అంకెసన్నాయిని తడిగుడ్డతో తుడిచింది. దానికి కన్నాలు లేవు. కన్నాలుండే చోట ఏడు మెత్తని మచ్చలుంటాయి, వేలు పెడితే చాలు. పీక ఒక్కటే పాతకాలపుది. దాని మెడ దగ్గర ఊపిరి బలాన్ని నూటిరవై యెనిమిది మెట్లుగా కొలిచే పలక ఉంటుంది, ఆ పలకలో ఉమ్మి చేరితే ఇక ఆ రోజు పని అయినట్టే. అందుకని దాన్ని పసిపిల్ల చెవి తుడిచినట్టు తుడిచి, సన్నాయి తోకకు తీగ తగిలించి, ఆ తీగ రెండో కొసను కిటికీకి తగిలించింది.

మేళంగదికి గాలొచ్చే కిటికీ లేదు. గోడంతా తెరలా వెలుగుతూ పరుచుకున్న ఈ కిటికీ మాత్రమే ఉంది. ఇందులోంచి గాలి బయటికి పోతుందే తప్ప లోపలికి రాదు.

జాగు చూసింది. ఇక్కడ ఊదిన ఊపిరి ఊళ్ళో చూరు చూరుకీ ఉన్న కొమ్ముల్లో పలకడానికి పట్టే జాగు, క్షణాన్ని వెయ్యి ముక్కలు చేస్తే అందులో పదకొండు. పన్నెండు దాటితే ఏడుపు ముందూ మేళం వెనకా అయిపోతుంది, ఊరిని నడిపే మండలి నుంచి మాట వస్తుంది. పదకొండు ఫరవాలేదు.

"కట్టీసేవేటే వరాలూ, దీనికి పలుపుతాడు?" అంటూ సన్యాసయ్య వచ్చాడు. డెబ్బై నాలుగేళ్ళవాడు. తాతల నాటినుంచీ సన్నాయి ఊదిన ఇల్లు. కొత్తగట్టు ఊరు మొత్తానికి ఊదగలిగిన ఊపిరి ఈయన దగ్గరే మిగిలింది.

"కట్టీసేను తాతా. పాలిస్తాదో తంతాదో నీదే బారం."

"దీని పాలు నాకెప్పుడో ఎండిపోనాయి. ఉత్తినే పితుకుతున్నాను," అని నవ్వి చాపమీద కూర్చున్నాడు. రోజూ కూర్చోగానే ఆడిపోసుకునే మాట ఒకటుంది ఆయనకు, అదీ అన్నాడు. "నూటిరవై యెనిమిది మెట్లంట! కొండమీంచి దిగే నీటికి మెట్లేటమ్మా! నాను జారిస్తే ఇది దిగుతాది. జారడం వేరు, దిగడం వేరు."

వరహాలు చెవిగిన్నెలు పెట్టుకుంది. ఆయనా పెట్టుకున్నాడు. ఏడూ ఇరవైకి మొదటి పిలుపు వచ్చింది. పై వీధిలో పెళ్ళి, తాళి కట్టే సమయం, ఎవరికో తుమ్మొచ్చేలా ఉంది. కిటికీలో ఎప్పుడూ అడిగే మాటే లేచింది.

*ఈ వాద్యాన్ని కలపమంటారా? ఔను. కాదు.*

వరహాలు ఔను మీద వేలు పెట్టింది. సన్యాసయ్య బుగ్గలు పొంగించాడు. తుమ్ము మేళంలో కలిసిపోయింది. పెళ్ళివారికి ఏ అపశకునమూ లేదు.

ఆ వేలుకే జీతం. తక్కిన పనంతా యంత్రాలు చేసుకుపోయేవే గానీ, వెనకటి కాలంలో ఈ కిటికీలను కట్టిన మహానుభావులెవరో దొంగల భయంతో ఒక కట్టడి పెట్టిపోయారు. మనిషి వేలు తగలందే కిటికీ ఎవరి వాద్యాన్నీ పట్టుకోకూడదు. ఇంకో కట్టడి కూడా పెట్టారు, అది మరీ విడ్డూరం. ఔనంటే ఆ ఒక్క మేళానికే చెల్లుతుంది. మేళం ఆగగానే కిటికీ దాన్ని మరిచిపోతుంది, మళ్ళీ మొదటినుంచి అడుగుతుంది. కాదంటే మాత్రం మరవదు. ఒక్కసారి కాదంటే ఆ కిటికీ ఆ వాద్యాన్ని ఇక జన్మలో అడగదు. పనిలో చేరిన రోజున వరహాలుకు నేర్పింది ఇంతే. "ఇటు ఔను. అటు చూడకు." ఆవిడ చూడలేదు, పందొమ్మిదేళ్ళుగా.

ఇదంతా మొదట్లో పెళ్ళిళ్ళకే ఉండేది. తాళి కట్టేవేళ తుమ్ము గానీ ఏడుపు గానీ నోరుజారిన మాట గానీ చెవిన పడకూడదని గట్టిమేళం వాయించడం మనకు ఎప్పటినుంచో ఉన్నదే. ఉప్పెన వచ్చిన ఏడాది, ఇరవయ్యేళ్ళ కిందట, ఒడ్డు ఊళ్ళన్నిటినీ ఎత్తి కొత్తగట్టుకు తెచ్చిపడేశారు. గుడారాల్లో రాత్రీ పగలూ ఏడుపులే. ఒక గుడారంలో మొదలైతే పది గుడారాలు అందుకునేవి. పసివాళ్ళు పాలు మానేశారు. అప్పుడు ఎవరో, మంచి మనసుతోనే సుమండీ, చెడు తలపు ఉండి కాదు, "కాసేపు గట్టిమేళం పెట్టిస్తే జనం ఓ కునుకు తీస్తారు కదా" అన్నారు. పెట్టించారు. జనం నిద్రపోయారు. మంచిదే కదా అని ఉంచేశారు. చూరు చూరుకీ కొమ్ము పెట్టారు, కొమ్ము పక్కన చెవి పెట్టారు. ఏడుపు లేస్తే చెవి పడుతుంది, కొమ్ము కప్పుతుంది. ఒకసారి ఊది దాచిపెట్టిన మేళంతో కప్పుదామని కూడా చూశారు గానీ, పదిహేను రోజులకే జనానికి ఆ మేళం కంఠతా వచ్చేసి, దాని సందుల్లోంచి ఏడుపు వినడం మరిగారు. బతికున్న ఊపిరైతేనే ఏడుపు వెంట ఏడుపులా తిరిగి మూత వేయగలదు. ఏడుపు ఏ శ్రుతిలో ఉందో అదే శ్రుతి పట్టుకోవాలి. పట్టుకోవాలంటే వినాలి.

అలా కొత్తగట్టు మొత్తంమీద ఏడుపు వినేవాళ్ళు ఇద్దరే మిగిలారు. ఊదే సన్యాసయ్య, కలిపే వరహాలు. వరహాలు పెనిమిటి పోయిన నాడు, ఆ ఒక్కరోజు ఔనన్నది ఇంకొకరి వేలు, ఆవిడ గొంతు ఆవిడకే వినపడలేదు. నోరు తెరిస్తే చూరులోంచి కల్యాణపు మేళం వచ్చింది.

రెండో పిలుపు ఎనిమిదిన్నరకు వచ్చింది. పల్లపు వీధి, పదిహేడో ఇల్లు. ఔనుకు ముందు రెండు మూడు క్షణాలు ఏడుపు చెవిగిన్నెల్లో ఉత్తినే వినపడుతుంది. ఆడగొంతు. "ఓ నా మావో… రేతిరి రెండు సెంబులు తాగి తొంగున్నావో… మంగళారం నీల్లు నిన్ను మింగీసేయో…"

వరహాలు ఔనంది. సన్యాసయ్య ఆ గొంతు వెంట ఊదాడు. మేళం కింద కూడా వాళ్ళిద్దరికీ ఆ మాటలు వినపడుతూనే ఉన్నాయి. శోకమంటే అరుపు కాదు కదా. పోయినవాడు ఎవరు, ఎలా పోయాడు, ఏం తిన్నాడు, ఎవరిని పిలిచాడు, అన్నీ వరసగా చెబుతారు అందులో. వీధివాళ్ళకు కబురు అదే. ఒకామె ఊపిరి ఆపిన చోట ఇంకొకామె అందుకోవాలి. శోకం ఒంటరిగా పెట్టకూడదంటారు. మేళం వచ్చాక అందుకునేవాళ్ళు లేరు.

ఆయన పీక దించి మూతి తుడుచుకున్నాడు. "మంగళారం నీల్లంటాందేటే?"

"నీల్లబండి మంగళారమే కదా తాతా వొచ్చింది." సముద్రపు నీళ్ళలో ఉప్పు తీసే కేంద్రం నుంచి నాలుగు రోజులకోసారి బండి వస్తుంది. డ్రమ్ముల్లో, బిందెల్లో పట్టుకుని పొదుపుగా వాడుకుంటారు. ఆ రోజు గురువారం.

పదకొండుకు పల్లపు వీధే మళ్ళీ. పద్దెనిమిదో ఇల్లు. ఈసారి ముసలి గొంతు, కోడలి పేరు పెట్టి ఏడుస్తోంది. అందులోనూ నీళ్ళ మాట ఉంది. వరహాలు వేలు ఔను దగ్గరకు వెళ్ళి ఒక్క క్షణం ఆగి, దిగింది.

పల్లపు వీధి ఇరవై ఒకటో ఇంట్లో వరహాలు అప్ప, తోడబుట్టిన అక్క, పైడమ్మ ఉంటుంది. తల్లి పోయాక వరహాలును ఎత్తుకుని పెంచింది ఆ అప్పే. పైడమ్మ కొడుకూ కోడలూ ఆరేడేళ్ళ కిందటి గాలివానలో ఇల్లు కూలి పోయారు. నెలల పిల్లను చంకన వేసుకుని బయటపడింది. ఆ మనవరాలు సంపంగికి ఇప్పుడు ఏడేళ్ళు. పిన్నమామ్మ వరహాలు వచ్చిందంటే చాలు, జడవెయ్యమని ముందుకొచ్చి కూర్చుంటుంది. వేసిన జడ నచ్చకపోతే విప్పేసి మళ్ళీ వెయ్యమంటుంది. అంత పేచీకోరు.

"తాతా, ఆల్లు నీల్లు పారబొయ్యలేదు," అంది వరహాలు ఉన్నట్టుండి.

"ఆఁ?"

"పదేడోది ఏడిసింది కదా. వీదిలో ఎవులూ నీల్లు పారబొయ్యలేదు. పారబోసుంటే పద్దెనిమిదిలో ఈ పిల్ల బతికుండును."

ఆ మాట నిజం. ఒడ్డువాళ్ళ ఆచారం అది. వీధిలో చావు ఏడుపు చెవిన పడిందంటే ఇంటింటా నిలవ ఉన్న నీళ్ళన్నీ వాకిట్లో బోర్లించాల్సిందే. కుండ గానీ బిందె గానీ గుక్కెడు కూడా ఉంచరు. ఎందుకని అడిగితే పెద్దవాళ్ళు చెప్పేవాళ్ళు కాదు, మైల అని ఊరుకునేవాళ్ళు. పెట్టినవాళ్ళకు తెలిసే పెట్టి ఉంటారు. ఏ రోగం ఏ నీటిలో వచ్చేదో వాళ్ళెన్ని చావులు చూశారో. కానీ ఏడుపు వినపడితే కదా పారబోయడం! పందొమ్మిదేళ్ళుగా పల్లపు వీధిలో ఎవరి ఇంట చావొచ్చినా పక్కింటికి వినపడేది గట్టిమేళమే. ఎవరికో పెళ్ళి కాబోలనుకుని గిన్నె తోముకుంటూ ఉంటారు.

పన్నెండున్నరకు తలుపు తాళం తీసి జోగినాయుడు అన్నాలు పట్టుకొచ్చాడు. మేళంగదిమీద పెద్ద ఆయనే. చెడ్డవాడు కాదు. సన్యాసయ్యకు పళ్ళు లేవని అన్నం మెత్తగా వండించుకొస్తాడు.

"నాయుడుబావూ, ఒక్క మాట."

"ముందు తిను. సల్లారిపోద్ది."

"పల్లపు వీదిలో నీల్లు బాగోలేవు బావూ. రెండు సావులు పొద్దున్నుంచీ. మాయప్ప అక్కడే ఉన్నాది, నీకు తెల్సు కదా. ఎవులిచేతన్నా ఒక్క కబురెట్టించు. తాగొద్దని. అంతే. ఇంకేటీ సెప్పొద్దు."

జోగినాయుడు గిన్నె మూత తీస్తూ ఆగాడు. "ఇక్కడ విన్నది ఇక్కడే మింగీయాలని నీకు నాను సెప్పాలా వరాలూ? నీకు ముందు నెల్లాల్లున్నవాడు ఓ మాట మోసుకెళ్ళేడు. ఏటైంది? గట్టుకవతల దింపీసేరు. అవతల సంద్రం తప్ప నేలుందేటి?"

"నాను మొయ్యను. నువ్వు మొయ్యి."

"మండలికి తెల్సమ్మా. నీల్లు పట్టుకెళ్ళి పరీచ్చకిచ్చేరు. రేపో ఎల్లుండో కాయితం వొస్తాది."

"కాయితం వొచ్చేదాకా తాగుతారు కదా."

సన్యాసయ్య ముద్ద నోట్లో పెట్టుకోబోతూ అన్నాడు. "నాయుడూ, మాకు తెచ్చిన ఈ సీసాలో నీల్లు ఏ వీదివి బావూ?"

జోగినాయుడు సీసామీద చెయ్యి వేసి కాస్త జరిపాడు, అంతే. తర్వాత తలుపు దగ్గర నిలబడి, "మనం కొమ్ముకి ఇటేపున్నాం. అదే పదేలు," అని తాళం వేసుకుని వెళ్ళిపోయాడు.

ఆ అన్నం ఇద్దరూ తినలేదు.

ఒంటి గంటా నలభైకి కిటికీ మళ్ళీ అడిగింది. పల్లపు వీధి, పందొమ్మిదో ఇల్లు. మగగొంతు ఈసారి. మగవాడికి శోకం పెట్టడం రాదు, గేదె అరిచినట్టు అరుస్తున్నాడు. వరహాలు వేలు గాలిలో ఉండిపోయింది. కిటికీ తొమ్మిది లెక్కపెడుతుంది, ఆ తర్వాత జోగినాయుడి గదిలో గంట మోగుతుంది. ఒకటి. రెండు. ఆవిడ మనసు చకచకా బేరాలాడింది. నాలుగింటికి తలుపు తీస్తారు. గట్టు దిగితే పల్లపు వీధే, రెండు మూడు నిమిషాల నడక, పరిగెడితే అదీ లేదు. అప్ప నీళ్ళ దగ్గర పొదుపుమనిషి, శనివారం వాడకానికని మంగళవారం నీళ్ళు దాచి, పాతవే ముందు వాడుతుంది. ఇంకా ఆ బిందె ముట్టుకుని ఉండదు. ఐదు. ఆరు. కాదంటే గట్టుకవతల. నాలుగింటికి పరిగెత్తుకెళ్ళి చెబుతాను, మొయ్యవద్దన్న మాటే అయినా మోస్తాను, రేపటి సంగతి రేపు. ఏడు.

"వరాలూ," అన్నాడు సన్యాసయ్య.

ఔనంది.

ఆయన ఊదాడు. ఊదుతూ కళ్ళు మూసుకున్నాడు. ఆ మూసిన రెప్పల కిందనుంచి నీళ్ళు బుగ్గలమీదికి, బుగ్గలమీంచి పీకమీదికి కారాయి. పలక తడిసి ఒక స్వరం తప్పింది. పల్లపు వీధిలో ఎవరూ పట్టించుకుని ఉండరు.

తర్వాత గంటసేపు ఏ పిలుపూ రాలేదు. వరహాలు పలక తుడిచి ఆరబెట్టింది. జాగు చూసింది. పదకొండు. గడియారం చూసింది. రెండున్నర. చెప్పులు గుమ్మం బయట ఏ వైపు విడిచిందో గుర్తు చేసుకుంది, తలుపు తియ్యగానే వెతుక్కోనక్కర లేకుండా.

రెండూ యాభైకి కిటికీ వెలిగింది.

పల్లపు వీధి. ఇరవై ఒకటి.

"ఓలమ్మ నా సంపంగో…"

ఆ గొంతు వరహాలుకు లాలి పాడిన గొంతు.

"ఓలమ్మ నా సంపంగో… పిన్నమామ్మొస్తే జడేయించుకుంతానని తల విప్పుకుని కూకున్నావే… దాగమేస్తందంటే ఉన్న పాతనీల్లు నాను తాగి, నీకు కొత్తనీల్లు ముంచి పోసేనే… నా సేత్తోనే పోసేనే…"

*ఈ వాద్యాన్ని కలపమంటారా? ఔను. కాదు.*

వరహాలు ఏడవలేదు. అప్ప ఎప్పుడూ పొదుపుమనిషి. పాతవి తాను తాగి, కొత్తవి పిల్లకు పోసింది. తీపినీళ్ళు కదా అని పోసి ఉంటుంది. ఎనిమిదిన్నరకు ఒక ఔను. పదకొండుకు ఒక ఔను. ఒంటి గంటా నలభైకి ఒక ఔను. ఆ మూడింటిలో ఏ ఒక్కటి కాకపోయినా అప్ప చెవిన ఏడుపు పడేది. పడితే బిందె బోర్లించేది. ఒడ్డుమనిషి, వినపడిందంటే ఒక్క చుక్క ఉంచి ఉండేది కాదు. మూడుసార్లు వరహాలు తన వేలితోనే అప్ప చెవులు మూసింది.

నాలుగు. ఐదు.

సన్యాసయ్య పీక నోటి దగ్గర పెట్టుకుని ఆవిడవైపే చూస్తున్నాడు. ఆయన చెవుల్లోనూ ఆ గొంతే. "సెప్పు తల్లీ," అన్నాడు. "నీ ఇంటి ఏడుపు. ఊదమంటే ఊదుతాను. ఒద్దంటే దించీస్తాను. ఊదినా దానికి నొప్పి తగ్గదు, ఊదకపోయినా పిల్ల రాదు."

"రాదు తాతా," అంది వరహాలు. "ఇరవై రెండులో ఇద్దరు పిల్లలున్నారు. ఇరవై మూడులో నెలతప్పిన గుంటొకత్తి ఉన్నాది."

ఏడు. ఎనిమిది.

పందొమ్మిదేళ్ళుగా చూడని వైపు చూసింది. అక్కడ రెండక్షరాలే ఉన్నాయి, ఔను ఎంతుందో అదీ అంతే ఉంది. వేలు పెట్టింది.

కాదు.

గోడంత వెలుగు మామూలు గోడ అయిపోయింది. సన్నాయి తోకన ఉన్న చిన్న దీపం ఆరింది. కిటికీ ఇక జన్మలో దాన్ని అడగదు. ఎక్కడో గంట మోగడం, జోగినాయుడి చెప్పుల చప్పుడు, తాళంచెవులు కిందపడడం, మళ్ళీ ఏరుకోవడం వినిపించాయి. "వరాలూ! ఏటి సేసేవే! ఒలే, ఏటి సేసేవు!"

ఆవిడ చెవిగిన్నెలు తీసేసింది.

తీసినా ఏడుపు వినపడుతూనే ఉంది. గట్టు కిందనుంచి, గోడలోంచి, పలచగా, నూటిరవై యెనిమిది మెట్ల మీంచి కాకుండా జారుతూ వస్తోంది. దాని పక్కన ఏ చప్పుడూ లేదు. కొత్తగట్టు మొత్తం పనులాపి నిలబడిపోయినట్టుంది. ఈడొచ్చిన పిల్లలకు అదేమిటో కూడా తెలిసి ఉండదు. తర్వాత ఎక్కడో ఒక తలుపు తీసిన చప్పుడు. ఇంకో తలుపు. ఎవరో ముసలామె, పందొమ్మిదేళ్ళుగా నోరు మరిచిన మాటను తడుముకుంటూ, "ఏటైందే? పైడమ్మా, ఏటైందే?" అని అరిచింది.

ఆ తర్వాత ఒక బిందె బోర్లించిన చప్పుడు. రాళ్ళమీద నీళ్ళు పడిన చప్పుడు. పక్కనే ఇంకోటి. ఆ పక్కన డ్రమ్ము దొర్లించారు కాబోలు, గడగడమంది. వీధి పొడుగునా ఒకదాని వెంట ఒకటి. వరహాలు ఇళ్ళు లెక్కపెట్టింది. ఇరవై రెండు. ఇరవై మూడు. ఇరవై నాలుగు.

తలుపు తెరుచుకుంది. జోగినాయుడు లోపలికి రెండడుగులు వేసి, కింద పారుతున్న నీళ్ళ చప్పుడు విని, అక్కడే ఆగిపోయాడు. చేతిలో తాళంచెవులు ఉన్నాయి గానీ వాటితో ఏం చెయ్యాలో తెలిసినట్టు లేదు. సన్యాసయ్య సన్నాయిని చాపమీద పడుకోబెట్టి, పీక ఊడదీసి రొంటిన దోపుకున్నాడు.

గట్టు కింద పైడమ్మ గొంతు ఊపిరికని ఆగింది. అక్కడ అందుకోవడానికి ఎవరికీ అలవాటు లేదు.

వరహాలు లేచి, జోగినాయుణ్ణి దాటుకుని, గుమ్మంలో నిలబడి అందుకుంది.